మనామి టొయోటా మ్యాచ్‌లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: జపాన్ మహిళల రెజ్లింగ్ కొత్తగా చూస్తున్నాను. టొయోటా మ్యాచ్‌ల్లో ముందు ఏది చూడమంటారు?

జవాబు: 1995 మేలో క్యోకో ఇనోయుతో ఆడింది. అరవై నిమిషాలు, డ్రా. అంతసేపు ఆ వేగం ఎలా నిలబెట్టారో నాకిప్పటికీ ఆశ్చర్యమే! ఒక్క సిట్టింగ్‌లో చూడండి, ముక్కలుగా వద్దు.

జవాబు: టొయోటా 1987లో పదహారేళ్లకే ఆల్ జపాన్ విమెన్స్ అనే రెజ్లింగ్ కంపెనీలో రింగెక్కింది. ఆ కంపెనీలో ఇరవై ఆరు రాకముందే రిటైరవ్వాలనే ఆనవాయితీ ఉండేది. ఈమె నలభై ఆరు దాకా ఆడింది. నాకు అదే అన్నిటికంటే గొప్ప.

ప్రశ్న అడిగినవారు: చివరి మ్యాచ్ ఎవరితో?

జవాబు: 2017 నవంబర్ 3, యోకొహామా. ఒకరి తర్వాత ఒకరుగా యాభై మందికి పైగా ప్రత్యర్థులు, చాలావరకు నిమిషం మ్యాచ్‌లే. ఆఖర్న సుకాసా ఫుజిమోటో చేతిలో ఓడింది. తన తర్వాతి తరానికి అలా దారివ్వడం చూసి ఏడ్చేశాను.