కుటుంబ ప్రార్థనలో నవ్వితే తప్పా?

బ్రాడీపేట కోడలు:
మాది గుంటూరు. అత్తగారిది తరతరాల లూథరన్ క్రైస్తవ కుటుంబం, అంటే ప్రొటెస్టెంట్లు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరొచ్చిన దగ్గర్నుంచీ కథంతా మామగారికి కంఠతా. రాత్రి ఎనిమిదిన్నరకి కుటుంబ ప్రార్థన. గొడవల్లా అక్కడే. ఆయన కళ్లు మూసుకుని మొదలుపెడితే అది దేవుడికి చెబుతున్నారో మాకు వడ్డిస్తున్నారో తెలీదు. "ప్రభువా, లెక్కల్లో 32 తెచ్చుకుని ఫోను పట్టుకు కూర్చునే ఈ బిడ్డకు బుద్ధి దయచేయుము. కూరలో ఉప్పు ఎక్కువైనా సహించు ఓర్పు మాకు అనుగ్రహించుము." నిన్న ఉప్పు మాట రాగానే మా పాప కిసుక్కున నవ్వింది. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆమెన్ అవగానే "నవ్వు నాలుగు విధాల చేటు, దేవుని సన్నిధిలో ఇకిలింపులా!" అని ఇల్లు ఎగిరిపోయేలా కేకలు. పదో తరగతి చదివే మావాడు ట్యూషన్ సాకుతో తొమ్మిదింటికి గానీ ఇంటికి రావడం లేదు. మామగారు మనిషి మంచివారే, భక్తీ నిజమే. అది పిల్లలకు అంటుకోవడం లేదు, అదే నా బాధ. పెద్దాయనకు ఎలా చెప్పాలండీ?

గుణదల బాబాయి:
మేం కేథలిక్కులం అమ్మా. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా మా మాత తిరునాళ్లకు రండి. తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, తండ్రి భుజాలెక్కి బూర ఊదే పిల్లలు. మొక్కు బరువైనదే అయినా మొహం మాడ్చుకుని కొండెక్కేవాడు కనిపించడు. అయితే ఇది చెబితే మీ మామగారు వినరు, ఆయనకు వాక్యమే కావాలి. బైబిల్లో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ఆయన చేతే చదివించండి. సువార్త చెప్పే పౌలు, సీల చెరసాలలో దెబ్బలు తిని, కాళ్లు బొండలో, అదే కొయ్య బంధంలో, బిగించి ఉండగా మధ్యరాత్రి పాడారు, ఖైదీలు విన్నారు. ఆ రాత్రే చెరసాల నాయకుడు వాళ్లను ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టి, ఇంటివాళ్లందరితో కలిసి ఆనందించాడని ఉంది. ఆ ఊరు ఫిలిప్పీ. తర్వాత ఆ ఊరి సంఘానికి "ఆనందించుడి" అని ఉత్తరం రాసినప్పుడు కూడా పౌలు సంకెళ్లలోనే ఉన్నాడు.

పటమట టీచరమ్మ:
బాబాయిగారూ, ఒక్క మాట. ఎప్పుడూ నవ్వుతూ ఉండాలన్నా అదో చాకిరీయే. మా ఆయన పోయినప్పుడు పరామర్శకొచ్చినవాళ్లు "సంతోషించండి, ప్రభువు దగ్గరున్నారు" అంటుంటే ఒళ్లు మండిపోయింది. బైబిల్లో 88వ కీర్తన చూడండి, చివరి మాటదాకా చీకటే, దాన్నీ గ్రంథంలోనే ఉంచారు. అయితే మీ మామగారు దేవుడి ముందు ఏడవడం లేదు కదా, మనవడి మార్కుల చిట్టా విప్పుతున్నారు. తనను తిడుతుంటే వినడానికి ఏ పిల్లాడు టైముకి వస్తాడు? ప్రార్థన వంతులవారీగా చేయమనండి. మొదటి వంతు మీ అత్తగారిది. పిల్లలు ఆ రోజు బాగా జరిగిందొకటి చెప్పి ఊరుకుంటే చాలు, క్రికెట్‌లో వికెట్ పడిందన్నా సరే.

బ్రాడీపేట కోడలు:
వంతుల ఆలోచన బావుంది. కాకపోతే మామగారి దగ్గర ఈ మాట ఎవరు కదపాలి? మా ఆయన ఆయన ముందు నోరెత్తరు.

పటమట టీచరమ్మ:
మీ అత్తగారినే కదపమనండి. కొంగు నోట్లో కుక్కుకుంది ఆవిడే కదా!