‘గ్రౌలర్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికా బీరు తయారీదారుల గురించిన వ్యాసమొకటి అనువదిస్తున్నాను. డ్రాఫ్ట్ బీరును (పీపాలోంచి కుళాయి ద్వారా పట్టే బీరును) ఇంటికి పట్టుకెళ్లే పాత్రను అందులో ‘గ్రౌలర్’ అన్నారు. గ్రౌల్ అంటే గుర్రుమనడమే కనుక ‘గుర్రుబుడ్డి’ అని రాయవచ్చునా? పెద్దలు తెలుపగలరు.

సమాధానం: మాట ముద్దుగానే ఉంది గానీ, దానికి ఆధారంగా తీసుకున్న వ్యుత్పత్తి అంత గట్టిది కాదండీ. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికా నగరాల్లో గ్రౌలర్ అంటే సీసా కాదు, పిడి ఉన్న రేకు బొక్కెన. దాన్ని పిల్లల చేతికిచ్చి మద్యశాలకు పంపితే, నింపించుకుని తెచ్చేవారు. ఆ పనికి ‘రషింగ్ ది గ్రౌలర్’ అనే పలుకుబడి కూడా ఏర్పడింది. మూత సందులోంచి కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుంటూ చేసే చప్పుడు వల్ల ఆ పేరు వచ్చిందని కొందరు, నిండుగా పోయమని కొనేవాడూ పోయలేనని అమ్మేవాడూ గుర్రుగా చూసుకోవడం వల్ల వచ్చిందని మరికొందరు చెబుతారు. రెండూ మాట పుట్టిన తరువాత అల్లిన కథల్లాగే నాకు కనిపిస్తున్నాయి. పైగా ఇంగ్లీషులో నాలుగు చక్రాల గుర్రపు బండినీ, సముద్రంలో తేలే చిన్న మంచుగడ్డనూ కూడా గ్రౌలర్ అన్నారు. ఇన్ని అర్థాలున్న మాటకు ఒక్క ధ్వనిని పట్టుకుని తెలుగు చేస్తే, తేలని వాదంలో మనమే తీర్పు చెప్పినట్టవుతుంది.

ఇక ‘బుడ్డి’ సంగతి. 1989లో వయోమింగ్ రాష్ట్రంలోని ఓటో బ్రదర్స్ అనే బీరు సంస్థ గాజు పాత్రతో ఈ పాత పేరుకు కొత్త జీవం పోసింది. నేటి గ్రౌలర్ సాధారణంగా 64 అమెరికన్ ఔన్సులది, అంటే దాదాపు 1.89 లీటర్లు పడుతుంది. అంతటి దాన్ని బుడ్డి అంటే నప్పదు. జాడీ అంటే వెడల్పు మూతి గుర్తుకొస్తుంది. కూజాకు సన్నని మెడ ఉన్నా, గాలి చొరబడకుండా బిగించే మూత ఉండదు. గోధుమరంగు గాజుకు ‘సీసా’ చక్కగా సరిపోతుంది (ఆ రంగు సోకు కోసం కాదు, వెలుతురు తగిలి బీరుకు దుర్వాసన పట్టకుండా), కానీ ఉక్కు గ్రౌలర్లూ ఉన్నాయి. అందుచేత మొదటిసారి ‘డ్రాఫ్ట్ బీరును ఇంటికి తీసుకువెళ్లే, మళ్లీ నింపుకోదగిన పాత్ర’ అని వివరించి, ఆపైన ‘గ్రౌలర్’ అనే వాడడం మేలు.

ప్రశ్న: కృతజ్ఞతలండీ. అదే వ్యాసంలో ‘క్రౌలర్’ అని కూడా ఉంది. అచ్చుతప్పా?

సమాధానం: కాదండీ. క్యాను, గ్రౌలర్ కలిసి అయిన మాట అది. కొలొరాడో రాష్ట్రంలోని ఆస్కార్ బ్లూస్ అనే బీరు సంస్థ, డబ్బాల తయారీ సంస్థ బాల్ కార్పొరేషన్‌తో కలిసి దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. సాధారణంగా 32 ఔన్సుల అల్యూమినియం డబ్బాలో కొనేవారి ఎదుటే బీరు నింపి, అక్కడికక్కడే యంత్రంతో మూత వేసేస్తారు. తెరిస్తే మళ్లీ మూయడం కుదరదు కనుక పైన చెప్పిన వివరణ దీనికి వర్తించదు. ‘గుర్రుబుడ్డి’ వాడి ఉంటే ఇక్కడ మరీ ఇరుక్కుపోయేవారు.

మరొక్క మాట. మీ వాక్యాల్లో గ్రౌలర్‌లో బీరు ‘పోస్తారు’ అని రాయకండి. కుళాయి దగ్గర బిందెలో నీళ్లు పట్టినట్టే దీన్నీ ‘పడతారు’. జాగ్రత్తగా నింపేవారు ముందు కార్బన్ డయాక్సైడ్‌తో లోపలి గాలిని వెళ్లగొట్టి, గొట్టం చివరను అడుగుకంటా దించి, బీరు కిందినుంచి మెల్లగా పైకి లేచేలా పట్టి, మూత కింద కాస్త ఖాళీ వదిలి బిగిస్తారు. ఎత్తునుంచి పోస్తే నురుగు పొంగడమే కాదు, గాలి కలిసి రుచి త్వరగా పాడవుతుంది.