ఆదికాండము 12:3 దగ్గరే ఆగిపోతున్న చర్చ

టెక్సాస్‌లో మా తెలుగు ఇవాంజెలికల్ ఫెలోషిప్‌లో ఇజ్రాయెల్-పాలస్తీనా శాంతి గురించి 20 నిమిషాలు మాట్లాడే వంతు నాకు వచ్చింది. రెండు ఆదివారాలు ప్రయత్నించా. రెండుసార్లూ ఐదు నిమిషాల్లోపే "నిన్ను ఆశీర్వదించువారిని ఆశీర్వదించెదను" అని అబ్రాహాముకు దేవుడు చెప్పిన ఆ వాక్యాన్ని ఎవరో ఒకరు చదివేశారు. ఇజ్రాయెల్‌నే సమర్థించాలన్నది దానికి వాళ్లు చెప్పే అర్థం, అంతే, చర్చ ఆగిపోయింది.

మొదటిసారి, 2007 జూలైలో 30 మందికి పైగా ఇవాంజెలికల్ నాయకులు రెండు దేశాల పరిష్కారాన్ని (ఇజ్రాయెల్ పక్కనే పాలస్తీనా కూడా ఒక దేశంగా ఉండాలన్నది) సమర్థిస్తూ అధ్యక్షుడు బుష్‌కు రాసిన లేఖ గురించి చెప్పా. "వాళ్లంతా లిబరల్స్" అని కొట్టిపారేశారు. పేరున్న ఇవాంజెలికల్ వేదాంత కళాశాల ఫుల్లర్ సెమినరీకి అప్పటి అధ్యక్షుడు రిచర్డ్ మౌ సంతకం కూడా అందులో ఉంది మరి!

రెండోసారి గలతీ 3:16 తీశా. అబ్రాహాముకిచ్చిన వాగ్దానం పొందిన సంతానం క్రీస్తే అన్న మాట అది. "అది ఆత్మీయం, భూమి సంగతి వేరు" అన్నారు. పాలస్తీనా క్రైస్తవులు నడిపే బేత్లెహేము బైబిల్ కాలేజీ పేరెత్తితే, "అక్కడ అరబ్బు క్రైస్తవులు కూడా ఉన్నారా?" అని ఒక ఆంటీ నిజంగానే ఆశ్చర్యపోయారు. నాకు దొరికిన ఆశ అదొక్కటే.

యెరూషలేము కోసం ప్రార్థించమనే కీర్తన 122:6 అందరికీ కంఠతా వచ్చు. కానీ హీబ్రూ "షాలోమ్" (శాంతి) అక్కడ మన బైబిల్లో "క్షేమము" అయింది, దాంతో అది ఒక ఊరి భద్రత కోసం చేసే ప్రార్థనలాగే వినిపిస్తోంది.

వచ్చే ఆదివారమే చివరి అవకాశం. ఇలాంటి వాళ్లతో మాట్లాడినవాళ్లు చెప్పండి: గొడవ కాకుండా పాలస్తీనీయుల గురించి కూడా ఆలోచింపజేయడానికి మీకు పనిచేసిన వాక్యభాగం ఏది?