పాత కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించి హ్యామ్ రేడియోకి (లైసెన్సుతో సరదాకి నడిపే రేడియో) వాడుకుంటే?

లంక_కుర్రాడు: మా రాజోలు పక్కన ఓ స్కూల్లో పాత సామాను కింద అమ్మేస్తుంటే నాలుగు పెంటియం 4లు తెచ్చానండి. 1 జీబీ ర్యామ్. 32 బిట్ యాంటీఎక్స్ (పాత మెషిన్లకి సరిపోయే తేలికపాటి లినక్స్) ఎక్కిస్తే ఫ్లడిజీ అనే రేడియో సందేశాల ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది. పిల్లలకి డిజిటల్ మోడ్‌లు (కంప్యూటరుతో రేడియో మీద అక్షరాలు పంపే పద్ధతులు) నేర్పుదామని. తుఫానప్పుడూ పనికొస్తాయి. ఏమంటారు?

గౌతమి_మోర్స్: తుఫాను మాట ఎత్తకు తమ్ముడూ. 1996 నవంబరు 6 రాత్రి మా తోటలో కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోను లేదు, దారి లేదు. కారు బ్యాటరీ, రేడియో సెట్టు, మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) కొట్టే కీ. రెండ్రోజులు వాటితోనే కబుర్లు పంపాను. నీ డబ్బా, మానిటరు కలిపితే వంద వాట్లు దాటుతుంది. 40 ఆంపియర్-అవర్ల (ఏహెచ్) కారు బ్యాటరీ నాలుగు గంటలు కూడా ఆగదు.

యానాం_డైపోల్: సీమాస్ బ్యాటరీ (కంప్యూటర్ గడియారాన్ని నడిపేది) మార్చావా? గడియారం రెండు సెకన్లు తప్పితే ఎఫ్‌టీ8 (ఓ డిజిటల్ మోడ్) డీకోడ్ అవ్వదు.

లంక_కుర్రాడు: మార్చానండి. నెట్ లేకపోయినా జీపీఎస్ తగిలిస్తే టైము సరిపోద్ది. గౌతమి గారూ, తుఫాను ఒక్క ముక్క అన్నాను, మీరు దాన్నే పట్టుకున్నారు. నేనడిగింది పిల్లల గురించి.

భీమవరం_బోర్డు: నీ యాంటీఎక్స్‌కి ఆధారమైన డెబియన్ లినక్స్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలరే తీసేశారు. ఎన్నాళ్ళు లాగుతావు? రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ కొనుక్కో, కొద్ది వాట్లతో పోద్ది.

లంక_కుర్రాడు: నాలుగు కొనడానికి డబ్బెవరిస్తారండి? పైగా వీటికి సీరియల్ పోర్టుంది, నా పాత సెట్టు కేబుల్ నేరుగా ఎక్కుద్ది.

గౌతమి_మోర్స్: ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లోని పవర్ సప్లై) గోల సంగతో? పక్కింటి కంప్యూటర్ ఆన్ చేస్తే నాకు 40 మీటర్ల బ్యాండంతా (7 మెగాహెర్ట్జ్) బుస్సుమంటుంది. వంద వాట్లకి జవాబు చెప్పు ముందు.

లంక_కుర్రాడు: వంద వాట్లు, వంద వాట్లు! ఆ డబ్బాలంటే మీకెందుకండీ అంత మంట?

గౌతమి_మోర్స్: చెప్తాను విను. ప్రతి ఆదివారం పొద్దున్న 7 మెగాహెర్ట్జ్ మీద గంటసేపు పిలుస్తాను. ఈ గోదారి పొడుగునా ఒక్క గొంతు పలకదు. లైసెన్సులున్నాయి, సెట్లున్నాయి. అంతా తెర ముందు కూర్చుని చూస్తారు, రెండు మెషిన్లు మాట్లాడుకుంటుంటే. రేపు గాలివాన వస్తే నాకు బదులు పలికేదెవరు?

లంక_కుర్రాడు: రెండేళ్ళ కిందట మీ ఇంటికొచ్చానండి, మోర్స్ నేర్పమని. గుమ్మంలోనే నిలబెట్టి "ముందు లైసెన్సు తెచ్చుకో" అన్నారు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి (కింది స్థాయి లైసెన్సు) మోర్సే అక్కర్లేదని తెలిసి, అదే రాసి పాసయ్యాను. నాకు నేర్పింది మనిషి కాదు, ఆ డబ్బాయే.

యానాం_డైపోల్: 🙏

గౌతమి_మోర్స్: సైకిలు మీద వచ్చిన కుర్రాడివా? ఆ రోజు ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉంది. అయినా అలా అనకూడదు, తప్పు నాదే. ఆదివారం రా, పిల్లల్నీ తీసుకురా. కీ ఉంది. డబ్బా మాత్రం తేకు.

లంక_కుర్రాడు: వస్తానండి. డబ్బా కూడా తెస్తాను. ఫ్లడిజీ మీ మోర్స్‌ని అక్షరాల్లో చూపిస్తుంది, పిల్లలకి అది చూడాలనుంది.

గౌతమి_మోర్స్: ఎస్‌ఎంపీఎస్ వైరుకి గోల తగ్గించే ఫెరైట్ రింగు వేసుకుని రా.