కనార్డ్‌ల డెల్టా (త్రిభుజాకార రెక్క) మోడల్ ముక్కెత్తి పడిపోతోంది, ఏం మార్చాలి?

స్వీడన్ ఫైటర్ సాబ్ విగ్గెన్ ఆకారంలో 6 మి.మీ. ఫోమ్ షీటుతో మోటారు లేని మోడల్ చేశాను. రెక్కలు కొన నుంచి కొనకి 60 సెం.మీ. ముందుండే చిన్న రెక్కలను (కనార్డ్‌లు) పెద్ద రెక్కతో సమానమైన ఎత్తులో, 3 డిగ్రీలు పైకెత్తి అతికించాను.

గాలి లేనప్పుడు చేత్తో విసిరినా ముక్కు లేస్తూ పోయి, వేగం తగ్గి, ఎడమకి ఒరిగి పడుతుంది. ముక్కులో 10 గ్రాముల బరువు పెడితే నేరుగా నేలకే. 5 గ్రాములైతే మళ్లీ మొదటిలాగే. పెద్ద రెక్క వెనక అంచుని 2 డిగ్రీలు కిందికి వంచినా తేడా లేదు.

అసలు విగ్గెన్‌లో కనార్డ్‌లు పెద్ద రెక్క కంటే పైన ఉంటాయి. వాటి నుంచి వచ్చే సుడిగాలే ముక్కు బాగా లేచినప్పుడు కూడా పెద్ద రెక్క మీద లిఫ్ట్‌ని (పైకెత్తే బలాన్ని) నిలబెడుతుంది. నాకు ఈ విమానంలో అన్నిటికన్నా నచ్చింది అదే, కనార్డ్‌లు తీసేయడం ఇష్టం లేదు.

ఇలాంటివి ఎగరేసినవాళ్లు చెప్పండి: 5 గ్రాముల బరువు అలాగే ఉంచి కనార్డ్ కోణం తగ్గించాలా, లేక కనార్డ్‌లనే పైకి జరపాలా?