రవివర్మ దమయంతిని కత్తిరించి కొల్లాజ్ చేస్తే అది సొంత బొమ్మేనా?

పెన్నగట్టు (నెల్లూరు):
మా తమ్ముడి కూతురు ఫోటోషాప్‌లో ఒక కొల్లాజ్ (వేర్వేరు బొమ్మల ముక్కలు కలిపి అతికించిన బొమ్మ) చేసింది. రవివర్మ 1899లో వేసిన 'హంస దమయంతి'లోంచి దమయంతిని మాత్రం తీసుకుంది. హంస ఉన్న చోట పులికాట్‌లో వాళ్ల నాన్న ఫోటో తీసిన ఫ్లెమింగోను పెట్టింది. వెనక కొలను బదులు రొయ్యల చెరువు, అందులో నురగ లేపుతూ తిరిగే ఏరియేటర్లు. బొమ్మల పోటీకి పంపితే 'సొంత చిత్రం కాదు' అని తిప్పి పంపారు. న్యాయమేనా?

ఒంగోలు గిత్త:
న్యాయమే. ఆ ముఖం, ఎర్రచీర మడతలు, ఒంటి వంపు... చూడగానే కంటికి ఆనేదంతా రవివర్మదే గదా. నేను డ్రాయింగ్ మాస్టర్ని. ఒక్క చెయ్యి సరిగ్గా గీయడానికి చెరిపి చెరిపి కాగితం చిల్లు పడేసుకునే పిల్లలున్నారు. వాళ్ల పక్కన దీన్ని పెట్టి బహుమతిస్తే వాళ్లకు ఏం చెప్పాలి?

కావలి రైలు:
అన్నా, చట్టం మాత్రం ఆ అమ్మాయి వైపే ఉంది. మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల వరకే కాపీరైట్. రవివర్మ 1906లోనే పోయారు. రాజమండ్రి దామెర్ల రామారావు 1925లో పోయారు, ఆయన బొమ్మలకూ గడువు తీరింది. అదే వడ్డాది పాపయ్య (1992), బాపు (2014) బొమ్మలైతే ముట్టుకునే ముందు వాటి మీద హక్కులున్న వాళ్లని అడగాల్సిందే.

ఒంగోలు గిత్త:
తమ్ముడూ, వాడుకోవచ్చా అని ఎవరడిగారు? 'నాది' అనొచ్చా అన్నది గదా గొడవ.

కందుకూరు అత్త:
మాస్టారూ, రవివర్మ బొమ్మల మీద చెయ్యి వేయడం ఇప్పుడు మొదలైంది కాదు. ఆయన 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి అచ్చేయించిన దేవుళ్ల పటాలు ఊరూరా చేరాయి. ఆ పటాల్లో లక్ష్మికీ సరస్వతికీ నిజం బట్ట, జరీ అతికించి, నగల మీద పూసలు, తళుకులు కుట్టేవాళ్లు. మా అమ్మమ్మ ఇంట్లో పటానికి చీర అంచంతా జరీయే, ముఖం ఒక్కటే అచ్చు. అదీ కొల్లాజే. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు. అయితే బొమ్మ తానే వేశానని కూడా ఎవరూ చెప్పుకోలేదు లెండి.

నేను చూసేది, కత్తిరించాక ముక్క చేసే పని మారిందా అని. అసలు బొమ్మలో దమయంతి నలుడి కబురు వింటోంది. ఈ బొమ్మలో ఏరియేటర్ల మోతలో, కొల్లేటి నుంచి సముద్రం దాకా చెరువులైపోయిన చోట, ఒక వలస పక్షి చెప్పేది వింటోంది. చూపు అదే, వినే కబురు వేరు. ఆ ఆలోచన ముమ్మాటికీ పిల్లదే. చెరువు తీసేసి వెనక గులాబి రంగు మబ్బులు పెట్టి ఉంటే మాత్రం నేనూ మాస్టారి పక్షమే. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు అలాంటివే.

పనితనంలో లోటుంది. దమయంతి మీద వెలుగు ఒక పక్క నుంచి పడుతుంటే, ఫ్లెమింగో నీడ అదే పక్కకు పడింది. జుట్టు చుట్టూ పాత బొమ్మ రంగు సన్నటి గీతలా మిగిలిపోయింది. కత్తిరించిన హద్దు, అదే మాస్క్ అంచు, ఇంకాస్త లోపలికి జరపాలి.

కావలి రైలు:
ఇప్పుడు ఏఐకి ఒక్క మాట చెబితే ఇలాంటివి వంద ఇస్తుంది కదత్తా?

కందుకూరు అత్త:
ఇస్తుంది నాయనా. ఆ చెరువు పెట్టాలని దానికి ఎవరో ఒకరు చెప్పాలిగా.

ఒంగోలు గిత్త:
బొమ్మ కింద 'మూలం: రవివర్మ' అని రాసి, కొల్లాజ్‌కు వేరే విభాగం పెడితే నాకు సగం అభ్యంతరం పోతుంది. మిగతా సగం అట్నే ఉంటుంది. చెయ్యి గీయడం రాకుండా కత్తిరించడం నేర్పితే ఎట్టా?

పెన్నగట్టు:
మూలం రాయమని చెప్పాను, రాస్తానంది. నీడ సంగతి చెబితే మూతి ముడుచుకుంది. ఇంకో చిక్కు: ఏ3 సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్‌కు 3508 × 4961 పిక్సెల్స్ కావాలట, తను దించుకున్న ఫైల్ చిన్నది. వికీమీడియా కామన్స్‌లో పెద్దది దొరుకుతుందేమో ఈ రాత్రికి వెతుకుతాం.