ఇంగ్లిష్ మీడియం డిగ్రీ ఉన్నా భాషా పరీక్ష రాయాలా?

ప్రశ్న: నమస్కారం. కెనడా శాశ్వత నివాసానికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్ల ఆధారంగా ఎంపిక చేసే విధానం), ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ విభాగం కింద దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. చదువంతా ఇంగ్లిష్ మీడియంలోనే సాగింది కాబట్టి కళాశాల ఇచ్చే ధ్రువపత్రం సరిపోతుందా? గతంలో రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ స్కోరు కూడా ఉంది.

జవాబు 1: రెండూ పనికిరావండీ. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికి కూడా అక్కడ పరీక్ష నుంచి మినహాయింపు లేదు. ఐఈఎల్‌టీఎస్ అయితే జనరల్ ట్రైనింగ్ రాయాలి. సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్ కూడా చెల్లుతాయి.

జవాబు 2: ఈ విభాగానికి కనీస స్థాయి సీఎల్‌బీ (కెనడా భాషా ప్రమాణం) 7, అంటే ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు అంశాల్లోనూ 6.0 రావాలి. అయితే అర్హత వేరు, పాయింట్ల ఆధారంగా దరఖాస్తుకు ఆహ్వానం అందుకోవడం వేరు. సీఎల్‌బీ 9కి లిజనింగ్‌లో 8.0, మిగిలిన మూడింటిలో 7.0 కావాలి, ఒక్క అంశంలో ఆ స్థాయి తగ్గినా, మూడేళ్లకు పైబడిన విదేశీ అనుభవానికి భాషతో జతగా వచ్చే 50 పాయింట్లు 25కు పడిపోతాయి. నా విషయంలో రైటింగ్‌లో అర బ్యాండు తగ్గి ఇదే జరిగింది, మళ్లీ ఫీజు కట్టి రాయక తప్పలేదు.

జవాబు 3: ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. ప్రొఫైల్ నింపిన రోజునే కాక, ఆహ్వానం వచ్చాక దరఖాస్తు సమర్పించే రోజున కూడా అది చెల్లుబాటులో ఉండాలన్న సంగతిని చాలామంది ఆలస్యంగా గమనిస్తారు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. జనరల్ ట్రైనింగ్‌కే నమోదు చేసుకుంటాను.